మెడికల్ బిల్లింగ్‌లో నా ఏడేళ్లు: చేతికి ఎంత వచ్చింది, ఎలా వచ్చింది

అమెరికా డాక్టర్ల బిల్లుల డబ్బును అక్కడి ఇన్సూరెన్స్‌ల నుంచి రాబట్టే హైదరాబాద్ కంపెనీలో చేరాక, మొదటి జీతంగా 2018 ఆగస్టు 31న నా ఖాతాలో 14,233 రూపాయలు పడ్డాయి. ఆఫర్ లెటర్‌లో మాత్రం నెలకు 18,000 అని ఉంది. హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టల్ మంచం మీద కూర్చుని ఆ మెసేజ్‌ను నాలుగైదు సార్లు చదివాను. ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాను. కర్నూలుకు ఫోన్ చేసి చెప్తే నాన్న కంగారు పడలేదు. "జీతం చీటీ ఇచ్చినారా పాపా? ఒక్కొక్క లైనూ చదువు, నేను రాసుకుంటా" అన్నాడు.

మా నాన్న కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మండీ గుమాస్తా. రైతు తెచ్చిన సరుకు ఎన్ని క్వింటాళ్లు, ధర ఎంత పలికింది, కూలి ఎంత పోయింది, చివరికి రైతు చేతికి ఎంత అని ముప్పై ఏళ్లుగా చీటీలు రాసిన మనిషి. ఆయన దృష్టిలో పైన రాసింది లెక్క కాదు, గీత గీశాక కింద మిగిలేదే లెక్క. ఆ రాత్రి ఇద్దరం ఫోన్లోనే నా 18,000ను విప్పాం. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 1,080. గ్రాట్యుటీ కింద 433. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమాకు, కంపెనీ వంతు 748. ఈ మూడూ సీటీసీలో, అంటే కంపెనీకి మన మీద అయ్యే మొత్తం ఖర్చులో, కలిపి చూపిస్తారు, మన ఖాతాలో మాత్రం పడవు. అవి తీసేస్తే 15,739. అందులోంచి నా వంతు పీఎఫ్ మరో 1,080, ఈఎస్ఐ 276, వృత్తి పన్ను 150. మిగిలింది సరిగ్గా 14,233. హాస్టల్‌కు 5,500 పోను మిగిలేది ఎంతో కూడా నాన్నే లెక్కేసి చెప్పాడు.

గ్రాట్యుటీ సంగతి ఆ రోజు మాకు సరిగా తెలియదు. పర్మినెంట్ ఉద్యోగికి మామూలుగా ఒకే కంపెనీలో ఐదేళ్లు చేస్తేనే అది చేతికొస్తుంది. నేను అక్కడ రెండేళ్ల ఏడు నెలలే చేశాను. ఆ లెక్కన దాదాపు 13 వేలు నా సీటీసీలో కాగితం మీద ఉండి, కాగితం మీదే పోయాయి. కొత్తగా చేరే పిల్లలు ఎవరు అడిగినా అందుకే ముందు ఈ లెక్క చెప్తాను, పని సంగతి తర్వాత.

హైదరాబాద్ వెళ్లకముందు రెండేళ్లు కర్నూలులోనే ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చున్నాను. 2016లో బీఎస్సీ మైక్రోబయాలజీ అయిపోయాక ల్యాబ్ ఉద్యోగాల కోసం తిరిగాను, దొరకలేదు. గాయత్రి ఎస్టేట్ వైపు ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో బిల్లింగ్‌కు మనిషి కావాలంటే చేరిపోయాను. జీతం 7,500. రెండో ఏడాది 9,000 చేశారు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, నెలకు రెండు సెలవులు.

ఆ జీతానికి చేసే పని చిన్నదేం కాదు. ఓపీ చీటీ రాయాలి, ఐపీ నంబర్ తీయాలి, అడ్వాన్స్ కట్టించుకోవాలి, వార్డు నుంచి వచ్చే మందుల లెక్కలు బిల్లుకు ఎక్కించాలి, వాడకుండా తిరిగొచ్చిన మందులు తీసేయాలి. కర్నూలుకు వైద్యానికి వచ్చేవాళ్లు మన జిల్లావాళ్లే కాదు. గద్వాల, అలంపూర్, రాయచూరు వైపు నుంచి కూడా వస్తారు. డిశ్చార్జి అని డాక్టర్ పొద్దున పదింటికి చెప్తే, ఫైనల్ బిల్లు అయ్యేసరికి సాయంత్రం నాలుగవుతుంది. ఆ ఆరు గంటలు మూటాముల్లె సర్దుకుని కౌంటర్ ముందు నిలబడే మనుషుల మొహాలు చూస్తూ పనిచేయాలి.

ఆరోగ్యశ్రీ ఫైళ్లు నా దగ్గరికే వచ్చేవి. 2007లో ఈ పథకం మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాల్లో మా పక్కనున్న అనంతపురం ఒకటి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చి, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. కౌంటర్ ముందు నిలబడే మనిషికి ఎప్పుడూ అది ఆరోగ్యశ్రీయే. ఒకసారి పత్తికొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు స్టెంట్ వేయాలి. అనుమతి కోసం పంపిన ఫైలు రెండుసార్లు తిరిగొచ్చింది. మావాళ్లు ఆయన కొడుకుతో "సర్వర్ ప్రాబ్లం, రేపు చూద్దాం" అంటున్నారు. ఆ అబ్బాయి కారిడార్‌లో తువ్వాలు పరుచుకుని పడుకుంటున్నాడు, అది మూడో రాత్రి. నేను ఆ ఫైలు తెరిచి చూస్తే కింద ఒక్క లైను రాసి ఉంది: యాంజియోగ్రామ్ చిత్రాలు జతచేయలేదు. రిపోర్టు కాగితం పెట్టారు, చిత్రాలు పెట్టలేదు. క్యాథ్ ల్యాబ్‌కు వెళ్లి చిత్రాలు తెచ్చి ఎక్కించాను. మర్నాడు మధ్యాహ్నానికి అనుమతి వచ్చింది.

మూడు రోజులుగా ఆ లైను అక్కడే ఉంది. ఎవరూ చదవలేదు. నాకు ఈ పని మీద ఇష్టం మొదలైంది ఆ రోజే. 9,000 జీతంతో ఇల్లు గడవదని, ఇదే పనిని ఎక్కువ జీతానికి ఎక్కడ చేయిస్తారో వెతకడం మొదలుపెట్టిందీ అప్పుడే.

హైదరాబాద్‌లో అమెరికా ఆస్పత్రుల బిల్లింగ్ ఉంటుందని ఒక స్నేహితురాలు చెప్పింది. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 45 రోజుల కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అన్నారు. 20,000 కట్టాను. అందులో 12,000 అమ్మ గాజులు కుదువ పెట్టి తెచ్చినవి. అక్కడ పదాలు బట్టీ పట్టించారు, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. ఉద్యోగం ఇప్పించలేదు. చివరికి నాకు ఉద్యోగం వచ్చింది మామూలు వాక్-ఇన్‌లో. అక్కడ ఆ సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. కంపెనీ తానే ఆరు వారాలు శిక్షణ ఇచ్చింది, శిక్షణ కాలానికి జీతం కూడా ఇచ్చింది. బిల్లింగ్‌లో ఏఆర్ కాలర్‌గా, అంటే రావాల్సిన డబ్బు కోసం ఇన్సూరెన్స్‌లకు ఫోన్ చేసే మనిషిగా, చేరడానికి ముందే డబ్బు కట్టి కోర్సు చేయాల్సిన పని లేదు. ఇది నేను ఎంతమందికి చెప్పినా ఇంకా కడుతూనే ఉన్నారు, ఆ బాధ నాకు పోలేదు.

ఇంటర్వ్యూలో నా భయమంతా ఇంగ్లిష్ గురించే. డిగ్రీ వరకు చదివింది ఇంగ్లిష్ మీడియమే అయినా మాట్లాడింది తక్కువ. తప్పుల్లేకుండా మెల్లగా మాట్లాడాను. యాస గురించి వాళ్లు పట్టించుకోలేదు, అవతలివాళ్లకు అర్థమైతే చాలన్నారు.

శిక్షణలో నాకు తొందరగా ఎక్కడానికి కారణం కర్నూలు కౌంటరే. అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రధానంగా మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్, 1965 చట్టంతో వచ్చింది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు మెడికెయిడ్, అది మన ఆరోగ్యశ్రీకి కాస్త దగ్గర. ఉద్యోగం చేసేవాళ్లలో ఎక్కువమందికి యజమాని ఇచ్చే ప్రైవేట్ ఇన్సూరెన్స్. డాక్టర్ రోగిని చూశాక జబ్బుకు ఒక ఐసీడీ-10 కోడ్, చేసిన పనికి ఐదంకెల సీపీటీ కోడ్ వేస్తారు. అవి సీఎమ్‌ఎస్-1500 అనే ఫారం రూపంలో, ఇప్పుడైతే ఎక్కువగా ఎలక్ట్రానిక్‌గా, క్లెయిములను చేరవేసే క్లియరింగ్‌హౌస్ మీదుగా ఇన్సూరెన్స్‌కు చేరతాయి. అక్కడి నుంచి ఎంత ఇచ్చారో, ఎందుకు ఇవ్వలేదో చెప్పే ఈఓబీ తిరిగొస్తుంది.

ఇది నాన్నకు చెప్పినప్పుడు ఒక ఉదాహరణ చెప్పాను. డాక్టర్ 250 డాలర్లు బిల్లు వేశాడనుకుందాం. ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ప్రకారం ఆ పనికి ఒప్పుకున్న ధర 92. మిగతా 158 డాక్టర్ వదులుకోవాల్సిందే, దాన్ని సీఓ-45 అనే కోడ్‌తో చూపిస్తారు. ఆ 92లో రోగి కట్టాల్సిన కోపే 20 తీసేస్తే ఇన్సూరెన్స్ ఇచ్చేది 72. నాన్న వెంటనే "అంటే ఆ డాక్టర్‌కు కూడా పైన రాసింది వేరే, కిందకొచ్చేది వేరేనా" అన్నాడు. అవును, అంతే. ఆ తేడాలో ఏది న్యాయంగా పోయింది, ఏది పొరపాటున పోయింది అని చూడడమే మా పని.

సాయంత్రం 6.30కి షిఫ్ట్. అప్పుడు న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిది. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారం వెనక్కి జరుగుతుంది కాబట్టి అక్కడి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా మాకు 7.30 నుంచి తెల్లవారుజామున 4.30 వరకు. రాత్రి క్యాబ్ కంపెనీదే. రాత్రికి వంద చొప్పున నైట్ అలవెన్స్ తర్వాతి నెల జీతంతో కలిపి ఇచ్చేవాళ్లు. అది లేకపోతే హైదరాబాద్‌లో నెల గడిచేది కాదు.

రోజుకు 40 క్లెయిములు చూడాలని టార్గెట్. ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేస్తే ముందు యంత్రంతో మాట్లాడాలి, తర్వాత హోల్డ్. ఒక్కోసారి నలభై నిమిషాలు ఆ సంగీతమే. చివరికి రెప్, అంటే ఇన్సూరెన్స్ ప్రతినిధి, లైన్లోకి వస్తే గబగబా డాక్టర్ గుర్తింపు నంబర్ (ఎన్‌పీఐ), రోగి సభ్యత్వ నంబర్, వైద్యం చేసిన తేదీ చెప్పి, క్లెయిమ్ ఎందుకు ఆగిందో అడగాలి. కాల్ రిఫరెన్స్ నంబర్ తీసుకుని నోట్స్ రాయాలి. మొదటి నెల నేను చేసింది అదే: అడగడం, వాళ్లు చెప్పింది రాయడం, తర్వాతి క్లెయిమ్ తెరవడం. టార్గెట్ అందేది. డబ్బు మాత్రం వచ్చేది కాదు.

ఒక రోజు సీఓ-97 కోడ్‌తో డినయల్, అంటే డబ్బు ఇవ్వమన్న జవాబు, వచ్చింది. అంటే, ఈ పని డబ్బు వేరే పనిలోనే కలిసి ఉంది, విడిగా ఇవ్వం అని. మోకాలి నొప్పితో వచ్చిన రోగిని డాక్టర్ పరీక్ష చేసి, 99213 వేశారు. అదే రోజు మోకాల్లో ఇంజెక్షన్ ఇచ్చి 20610 వేశారు. పాత నోట్స్‌లో "రెప్ డినయల్ సరైనదే అన్నారు" అని ఉంది. నేను డాక్టర్ రాసిన రికార్డు మొత్తం చదివాను. ఆ రోజు డాక్టర్ రోగి బీపీ గురించి కూడా విడిగా చూసి మందు మార్చారు. అంటే పరీక్ష వేరే, ఇంజెక్షన్ వేరే. అలాంటప్పుడు 99213 పక్కన, ఇది విడి పని అని చెప్పే 25 అనే మాడిఫైయర్ ఉండాలి. కోడింగ్ వాళ్లకు పంపిస్తే ఒప్పుకుని వేశారు, మళ్లీ పంపాం, డబ్బు వచ్చింది. ఆ రాత్రి రూముకు వెళ్లాక ఒక నోటు పుస్తకం తీసి, రోగి వివరాలేవీ లేకుండా, డినయల్ కోడ్, దాని అసలు కారణం, ఏం చేస్తే తీరింది అని మూడు లైన్లు రాసుకున్నాను. షిఫ్ట్ అయిపోయాక రోజుకు ఒక్కటి చొప్పున రాయడం అలవాటు చేసుకున్నాను.

నా జీతం మారడానికి కారణమైన క్లెయిములు 2019 ఏప్రిల్‌లో వచ్చాయి. ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఒకే రోగికి సంబంధించినవి, పద్నాలుగు. మోకాలి ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు, 97110 కోడ్. అన్నీ సీఓ-22తో మెడికేర్ తిప్పి పంపింది: ముందు కట్టాల్సింది వేరే ఇన్సూరెన్స్ అని. పాత నోట్స్‌లో ముగ్గురు కాలర్లు మూడుసార్లు రాసిందొకటే, "మెడికేర్‌కు మళ్లీ పంపాం." మెడికేర్‌కు క్లెయిమ్ పంపడానికి వైద్యం చేసిన తేదీ నుంచి ఏడాదే గడువు. మొదటి తేదీ 2018 జూన్. ఇంకో రెండు నెలల్లో ఒక్కొక్కటే సీఓ-29 కింద, అంటే గడువు దాటిందని, శాశ్వతంగా పోతాయి.

నేను మొదట మెడికేర్‌కు కాదు, ఆ రోగి భర్త పనిచేసిన చోటి ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేశాను. నియమం ఏంటంటే, 65 దాటినా, తాము గానీ భర్త లేదా భార్య గానీ ఇంకా ఉద్యోగంలో ఉండి, ఆ సంస్థలో ఇరవై మందికి తక్కువ కాకుండా పనిచేస్తుంటే, ముందు ఆ సంస్థ ఇన్సూరెన్స్ కట్టాలి, తర్వాతే మెడికేర్. యాభై నిమిషాలు హోల్డ్‌లో ఉన్నాక వాళ్లు చెప్పింది: ఆయన రిటైర్ అయ్యారు, పాలసీ 2018 ఏప్రిల్ 30తో ముగిసింది. అంటే మెడికేర్ రికార్డులో ఆయన ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు ఉంది. ఇద్దరూ "ముందు వాళ్లు కట్టాలి" అంటుంటే మధ్యలో క్లినిక్ డబ్బు ఆగిపోయింది. దీన్ని మేం మార్చలేం. ఆ రోగే మెడికేర్ వాళ్ల బెనిఫిట్స్ కోఆర్డినేషన్ కేంద్రానికి ఫోన్ చేసి చెప్పాలి. ఎవరు, ఏ నంబర్‌కు, ఏ తేదీ చెప్పాలో అన్నీ ఒక కాగితంగా రాసి క్లినిక్‌కు పంపాను. వాళ్లు ఆమెకు ఫోన్ చేశారు, ఆమె ఆ కేంద్రానికి చేసింది. రికార్డు మారాక పద్నాలుగూ మళ్లీ పంపాం. మే నెలాఖరుకు అన్నింటికీ డబ్బు వచ్చింది, 1,180 డాలర్ల పైచిలుకు.

ఆ ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేసిన రోజు నేను చూసింది 19 క్లెయిములే. టార్గెట్‌లో సగం కూడా లేదు. టీమ్ లీడ్ పిలిచినప్పుడు కాళ్లు వణికాయి. ఆయన నా నోట్స్ మొత్తం చదివి, "వచ్చే వారం నుంచి డినయల్స్ టీమ్‌లో కూర్చోమ్మా" అన్నాడు. ఆ నెల ఇన్సెంటివ్ 500. హైక్‌తో చేతికి 16,800 అయింది. పెద్ద మొత్తమేం కాదు, అయినా తర్వాత వచ్చిన పెరుగుదలంతా ఆ కుర్చీ నుంచే వచ్చింది.

2020 మార్చి మూడో వారంలో, లాక్‌డౌన్‌కు కొద్ది రోజుల ముందు, ల్యాప్‌టాప్ ఇచ్చి ఇంటికి పంపేశారు. మాది బుధవారపేట, పెద్దాస్పత్రికి దగ్గర. అమెరికా రోగుల వివరాలు బయటికి పోకూడదని వాళ్లకు హిపా అనే చట్టం ఉంది, 1996ది. అందుకని పని చేసే గదిలోకి ఎవరూ రాకూడదు, కాగితం, పెన్ను, ఫోన్ ఉండకూడదు. మాది రెండు గదుల ఇల్లు. ఒక గది నాకు వదిలేసి అమ్మా నాన్నా బయట గదిలో పడుకున్నారు. ఇన్వర్టర్‌కు 17,000 అప్పు చేశాం. అమ్మ తలుపు బయటే ప్లేటు పెట్టి పోయేది. "రాత్రంతా ఎవరితోమ్మా మాట్లాడతావు" అని మొదట్లో పక్కింటి పెద్దమ్మ అడిగితే అమ్మకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. "అమెరికా వాళ్లకు ఆరోగ్యశ్రీ ఫైళ్లు చూస్తాది" అని చెప్పడం తనే మొదలుపెట్టింది.

2021 ఏప్రిల్, మే నెలలు మర్చిపోలేను. పెద్దాస్పత్రికి వెళ్లే అంబులెన్సుల చప్పుడు రాత్రంతా వినిపించేది. హెడ్‌సెట్‌లో రెప్ మాట్లాడుతుంటే మైక్ మ్యూట్ చేసి, ఆ చప్పుడు దాటిపోయాక తీసేదాన్ని. ఒక రాత్రి అటువైపు రెప్, పెద్దావిడలా ఉంది, "మీ దగ్గర అంతా క్షేమమేనా?" అని అడిగింది. రికార్డవుతున్న కాల్. క్షేమమే అన్నాను. ఆ వారమే మా వీధిలో ఇద్దరు పోయారు.

ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కంపెనీ మారి ఉన్నాను. రెండున్నరేళ్ల అనుభవం, అందులో డినయల్స్ పని ఎక్కువ కావడంతో చేతికి 23,500 ఇచ్చారు. ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. నెల జీతం 21,000 దాటితే ఈఎస్ఐ వర్తించదు. అమ్మ పేరు నా ఈఎస్ఐ కార్డులో ఉండేది. కొత్త కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ నా ఒక్కదానికే. 2022 ఫిబ్రవరిలో అమ్మకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయించాల్సి వచ్చినప్పుడు బిల్లు 58,000, మొత్తం చేతి నుంచే. హైక్ వచ్చిన సంతోషంలో అమ్మానాన్నలకు ఒక పాలసీ తీసుకోవాలన్న ఆలోచనే రాలేదు. రోజూ ఇన్సూరెన్స్ పనే చేస్తూ అది మరిచిపోయినందుకు చాలా రోజులు కుమిలిపోయాను. మీ జీతం 21,000కు దగ్గరపడుతోందంటే, ముందు ఆ పాలసీ సంగతి చూసుకోండి.

డిశ్చార్జి రోజు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి బిల్లు మొత్తం చదివాను. వాడకుండా ఫార్మసీకి తిరిగిచ్చిన మందులు 3,420 రూపాయలవి తీసేయలేదు. కౌంటర్‌లో అమ్మాయికి రిటర్న్ చీటీ చూపించి నెమ్మదిగా చెప్పాను. "సారీ అక్కా, పొద్దున్నుంచి ఒక్కదాన్నే ఉన్నా" అంది. జీతం అడిగితే 9,500 అని చెప్పింది. నేను ఆ పని మానేసి దాదాపు నాలుగేళ్లయింది, ఆ కుర్చీకి పెరిగింది 500.

తర్వాతి లెక్కలు క్లుప్తంగా చెప్తాను. 2022 చివరికి చేతికి 31,000. 2023లో కోడింగ్ సర్టిఫికేషన్, ఏఏపీసీ అనే అమెరికా సంస్థ పెట్టే సీపీసీ పరీక్ష రాశాను. నాలుగు గంటలు, వంద ప్రశ్నలు, 70 శాతం రావాలి. కోడ్ పుస్తకాలు ముందు పెట్టుకునే రాయొచ్చు. ఏ పేజీలో ఏముందో చేతికి అలవాటు కాకపోతే మాత్రం టైమ్ చాలదు. ఫీజు, పుస్తకాలు, కోచింగ్ కలిపి నాకు 60,000 దాటింది. మొదటిసారి 66 శాతంతో పోయింది, రెండోసారి వచ్చింది. కొత్తగా పాసైనవాళ్ల సర్టిఫికెట్ పేరు చివర అప్రెంటిస్ అని సూచించే ‘ఏ’ అక్షరం ఉంటుంది, అనుభవం చూపించాక తీసేస్తారు. ఆ పరీక్ష తర్వాత 42,000, ఇప్పుడు 51,000. నెలకు ఒక వారం హైదరాబాద్ ఆఫీసుకు వెళ్తాను, మిగతా రోజులు కర్నూలు నుంచే.

అమెరికాలో ఇదే పనికి ఎంతిస్తారని చాలామంది అడుగుతారు. అక్కడి కార్మిక శాఖ లెక్కల్లో 2023లో మెడికల్ రికార్డ్స్ స్పెషలిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 48,780 డాలర్లు. అప్పటి మారకంలో 40 లక్షల రూపాయలు. పని మన దాకా రావడానికి కారణం ఆ అంకెలోనే ఉంది. మన పగలు వాళ్ల రాత్రి కావడం కూడా కొన్ని పనులకు కలిసొస్తుంది. వాళ్లు సాయంత్రం ఇచ్చింది మనం ఇక్కడ పగలు చేసి పెడితే, వాళ్లు లేచేసరికి తయారుగా ఉంటుంది. అక్కడి ఖర్చులు వేరే అని నాకు తెలుసు. అయినా నా నోట్స్ వల్ల ఒక రాత్రిలో తిరిగొచ్చిన డబ్బు నా నెల జీతం కంటే ఎక్కువైన రోజులున్నాయి, అప్పుడు మనసు కలుక్కుమంటుంది.

ఈ పనికి శరీరం కట్టే ధర కూడా చెప్పాలి. నాకు రెండేళ్లు నిద్ర సరిగా లేదు, థైరాయిడ్ వచ్చింది. డాక్టర్ రాత్రి పని వల్లే అనలేదు, వేళకు నిద్రపొమ్మని మాత్రం చెప్పింది. పెళ్లి సంబంధాల్లో "రాత్రి డ్యూటీనా" అన్న మాట రెండుసార్లు విన్నాను. ఆ రెండు సంబంధాలూ నాన్నే వద్దన్నాడు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో క్లెయిములను చేరవేసే ఒక పెద్ద క్లియరింగ్‌హౌస్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు వారాల తరబడి క్లెయిములు కదల్లేదు. చిన్న క్లినిక్‌ల వాళ్లు జీతాలు ఎలా ఇవ్వాలో తెలియక మాకు మెయిల్స్ రాసేవాళ్లు. అప్పుడు రోజుకు పన్నెండు గంటలు చేశాం. ఈ మధ్య స్టేటస్ మాత్రమే కనుక్కునే కాల్స్ మా టీమ్‌లో తగ్గాయి, వాటిని వెబ్‌సైట్ల నుంచి సాఫ్ట్‌వేరే లాగేస్తోంది. అంటే నేను మొదటి నెల చేసిన పని ఇప్పుడు కొత్తవాళ్లకు అంతగా దొరకదు. వాళ్లు చేరిన కొద్ది రోజులకే ఎందుకు ఆగిందో చదవడం నేర్చుకోవాలి.

పోయిన నెల మా వీధి చివరింటి అమ్మాయి ఆఫర్ లెటర్ పట్టుకుని వచ్చింది. బీకాం, ఇరవై ఒక్క ఏళ్లు. సీటీసీ 2,40,000. "నెలకు ఇరవై వేలక్కా" అంది. నేను మాట్లాడేలోపే నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఆ కాగితం తీసుకుని, క్యాలెండర్ వెనక అంకెలు వేయడం మొదలుపెట్టాడు. మండీ పని మానేసి ఏడాదైంది, చేతి రాత మాత్రం అదే. గీత గీసి, కింద అంకె వేసి, "ఇది నీ చేతికొచ్చేది. హాస్టల్‌కు ఎంతంటున్నారు?" అని అడిగాడు. ఆ అమ్మాయి కాసేపు ఆ అంకెనే చూసింది. తర్వాత హాస్టల్, తిండి, ఫోన్ ఖర్చులు వాళ్లిద్దరే కూర్చుని రాసుకున్నారు. నెలకు మూడు వేలు మిగులుతాయని తేలింది. వెళ్తాననే అంది.

నేను లోపలికి వెళ్లి పాత నోటు పుస్తకాలు మూడూ తెచ్చాను. మొదటిదాంట్లో మొదటి పేజీ సీఓ-97. అవి తనకిచ్చేయడానికి మనసొప్పలేదు. ఇద్దరం రాజ్‌విహార్ సెంటర్‌కు వెళ్లి జిరాక్స్ తీయించాం, 212 పేజీలు. సోమవారం తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లింది.